‘బాగానే ఉందండి’ అన్న వీధి

రాజమండ్రి

రాజమండ్రిలో రైలు దిగేటప్పటికే నాకు కోపంగా ఉంది. నడి ఎండాకాలంలో, ఉద్యోగంలో సగం పైగా గడిచిపోయాక, నన్ను మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టి పాఠం చెబుతారట. నాది అనంతపురం వైపు. ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు కూర్చే పని. ఎన్ని బోర్లు ఎండిపోయాయి, ఎన్ని పశువులు సంతకు పోయాయి, ఎంతమంది వలస వెళ్ళారు, ఇవన్నీ పట్టికలుగా చేసి పైకి పంపడంలోనే జుట్టు నెరిసింది. అలాంటివాడికి ‘ప్రభుత్వ పనిలో పరిశోధనా పద్ధతులు’ అని రెండు వారాల శిక్షణ.

తిరిగి వచ్చాక రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆ కోపం తగ్గలేదు. ఎవరి మీద పడాలో వాళ్ళ మీద పడింది, అంతే.

మొదటి మధ్యాహ్నం బస్టాండు దగ్గర ఒక హోటల్లో భోజనం చేశాను. నూట ముప్ఫై రూపాయలు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్త ఆవకాయ. వడ్డించే మనిషి ప్రతి ముద్దకీ ‘ఇంకాస్త వేయమంటారాండి’ అని అడుగుతాడు. మా వైపు హోటల్లో రెండోసారి సాంబారు కావాలంటే మనమే కేక వేయాలి. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన సాంబారు ఒక్క ముద్ద తిని విస్తరిలో పక్కకు నెట్టేశాడు. డబ్బులు కడుతుంటే యజమాని అడిగాడు, “భోజనం ఎలా ఉందండి?” అని. “బ్రహ్మాండంగా ఉందండి” అన్నాడు పెద్దాయన. మెట్లు దిగాక నాతో, “సాంబారు అడుగంటించేశాడండి, నోట్లో పెట్టుకోలేకపోయాను” అన్నాడు. మరి లోపల అలా చెప్పారేమని అడిగితే, నేనేదో అనకూడనిది అన్నట్టు చూశాడు. “ఎదురుగా ఎలా అంటామండి, పాపం!”

నేను నవ్వుకుని ఊరుకున్నాను. రెండు వారాల శిక్షణలో నేర్చుకోవలసిందంతా ఆ హోటలు మెట్ల మీదే ఉంది. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

పాఠం

మాకు పాఠం చెప్పినావిడ శారద మేడమ్. నెరిసిన జుట్టు, నేత చీర, మైకు అక్కర్లేని గొంతు. మొదటి గంటలోనే బోర్డు మీద రెండు మాటలు రాశారు: ‘ఎందరు’, ‘ఎందుకు’.

“ఎందరు అనేది అంకె చెబుతుంది. దానికి అందరినీ ఒకే ప్రశ్న ఒకేలా అడగాలి. ఎందుకు అనేది మనిషే చెప్పాలి. దానికి మనం నోరు మూసుకుని కూర్చోవాలి. మీలో చాలామందికి మొదటిది వచ్చు. రెండోది రాదు.”

నాకు గుచ్చుకుంది. చెయ్యెత్తాను. “మేడమ్, ఆ ‘ఎందుకు’ని పట్టికలో ఏ గడిలో వేయమంటారు?”

హాలంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వి, “మీకు గడులు సరిపోకపోతే కొత్తవి గీసుకోండి సార్” అన్నారు. ఆ నవ్వులో నేనే గెలిచానని అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలుతున్నాయి.

మాకు అప్పగించిన పని ఇది. ఇద్దరిద్దరం కలిసి శివారు ఊళ్ళలో, అంటే కాలువ నీళ్ళు అన్నిటికన్నా చివర చేరే ఊళ్ళలో, ఒక్కో వీధి తీసుకోవాలి. తాగునీటి గురించి ఇంటింటా ఒకే ప్రశ్నలు అడిగి ట్యాబ్‌లో నొక్కాలి. మర్నాడు అదే వీధిలో ఒక ఇంట్లో, చేతిలో కాగితం లేకుండా పూటంతా కూర్చుని వినాలి. చివరగా, మేం ఏం రాశామో ఆ వీధివాళ్ళకే చదివి వినిపించి, నిజమేనా అని అడగాలి. ఇది ఉత్తుత్తి అభ్యాసం కాదు. వేసవిలో ఏ ఊరికి నీళ్ళ ట్యాంకరు నడపాలో తేల్చే అధికారి మా ఫలితాలు చూస్తారని ముందే చెప్పారు.

నాకు జతగా వచ్చినవాడు నారాయణరావు. ఈ గోదావరి వైపు పెనుగొండలో కోమటి కుటుంబం. అన్నగారు కిరాణా కొట్టు చూసుకుంటుంటే ఇతను పంచాయతీ ఉద్యోగంలోకి వచ్చాడు. “కొట్లో కూర్చుంటే అరువడిగినోళ్ళకి లేదని చెప్పలేనండి. అందుకని మా నాన్నగారు గవర్నమెంటులోకి తోసేశారు” అని తన మీద తనే జోకు వేసుకున్నాడు.

తాపేశ్వరం, ద్రాక్షారామం

జీపు ధవళేశ్వరం దాటాక నేను కిటికీకి అతుక్కుపోయాను. ఏప్రిల్ నెలలో అంత పచ్చదనం మా కళ్ళు చూసి ఎరగవు. కొబ్బరి, అరటి, కోతకొచ్చిన దాళ్వా, అంటే రెండో పంట వరి. రోడ్డు పక్కన కాలువ, కాలువ పక్కన ఇల్లు, ఇంటి ముందు మళ్ళీ ఇంకో పిల్లకాలువ. వీళ్ళకి నీళ్ళ సమస్యా, అని నాలో నేనే ఈసడించుకున్నాను. ఆ ఈసడింపుతోనే ఊళ్ళోకి అడుగుపెట్టాను. అదే నా మొదటి తప్పు.

తాపేశ్వరంలో మడత కాజా తిన్నాం. చేయంత పొడుగు కాజా, కొరికితే పాకం మోచేతిదాకా కారింది. ఉన్న ఒక్క తెల్ల చొక్కా పాడైంది. నారాయణరావు సోడా తెచ్చి కడిగితే మరక ఇంకా పెద్దదైంది. ఆ మరకతోనే ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి చూశాం. రెండంతస్తుల లింగం. కింద పాదభాగం చూసి, మెట్లెక్కి పైన అభిషేకం చూడాలి. లాడ్జిలో గది తీసుకుని అక్కడి నుంచే రోజూ ఊరికి వెళ్ళొచ్చాం.

శివారు ఊరు

ఊరి పేరు రాయను. మాట్లాడిన మనుషుల జాడ బయటపెట్టకూడదన్నది శారద మేడమ్ చెప్పిన నియమం. నేను పాటించిన నియమం అదొక్కటే. ఇక్కడ రాసిన పేర్లు కూడా మార్చినవే.

ఊరికి మూడు వైపులా రొయ్యల చెరువులు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటుతుంది, కుళాయిలో ఉప్పునీళ్ళు వస్తాయి. మా వంతుకొచ్చిన వీధి ఊరికీ చివరే, పైపుకీ చివరే. అందుకని ఆ వీధికి పొద్దున్నే ఒక ట్యాంకరు వస్తుంది. ఈ సంగతి పంచాయతీలో చెప్పారు. వీధిలో ఎవరూ చెప్పలేదు.

మొదటి ఇల్లు సత్తిబాబుది. కౌలు రైతు. మమ్మల్ని చూడగానే కుర్చీలు వేసి, ఫ్యాను మా వైపు తిప్పాడు.

“ఎండన పడి వచ్చేరు. ముందు కాస్త మజ్జిగ పుచ్చుకోండి. ప్రశ్నలెక్కడికి పోతాయండి!”

ఆయన భార్య భూలక్ష్మి స్టీలు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. అల్లం, కరివేపాకు వేసి, చల్లగా, కమ్మగా. రెండో గ్లాసు అడిగి మరీ తాగాను. తర్వాత ట్యాబ్ తీసి అడిగాను, “తాగునీటి సరఫరా మీద మీకెంత సంతృప్తి ఉంది?” అని.

“ఆయ్, బాగానే ఉందండి” అన్నాడు సత్తిబాబు.

“బాగానే అంటే? చాలా సంతృప్తా, సంతృప్తా?”

“మీరెలా రాసుకుంటే అలాగేనండి.”

వంటింటి గుమ్మంలోంచి భూలక్ష్మి, “అదేంటంటేనండీ, ఎండాకాలం...” అని మొదలుపెట్టింది.

“అమ్మా, ఒక్క నిమిషం. మిగతా విషయాలు చివర్లో అడుగుతాం” అన్నాను. ప్రశ్నల వరస చెడిపోకూడదని నా పట్టుదల. సంతృప్తి దగ్గర నొక్కి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళాను. చివర్లో ఏమీ అడగలేదు. పక్కింటివాళ్ళు అప్పటికే మాకోసం కొబ్బరిబోండాలు కొట్టించి పెట్టారు.

ఇల్లిల్లూ అదే మర్యాద, అదే జవాబు. బాగానే ఉందండి. పర్లేదండి. గడిచిపోతందండి. మా వైపు నీళ్ళ గురించి అడిగి చూడండి. ఖాళీ బిందె తెచ్చి మన కాళ్ళ ముందు బోర్లించి, మన ఆఫీసుని, ఆఫీసరుని, మనల్ని కన్నవాళ్ళని కూడా కలిపి తిడతారు. ఫిర్యాదంటే అలాగే ఉంటుందని నమ్మినవాణ్ణి నేను. ఫిర్యాదు లేదు కాబట్టి బాధ లేదని తేల్చేసుకున్నాను.

మర్నాడు సత్తిబాబు ఇంట్లో కూర్చుని వినవలసిన రోజు. పొద్దున్నే నారాయణరావు తల గోక్కుంటూ వచ్చాడు. పెనుగొండలో చెల్లెలి నిశ్చితార్థం మాటలున్నాయట. వెళ్ళిరమ్మన్నాను. నాకూ కావలసింది అదే. అతను వెళ్ళాక నేను అసలు ఆ ఊరికి వెళ్ళనే లేదు. తాటిముంజలు తిని, ఫ్యాను కింద పడుకున్నాను. లేచాక, నిన్న చూసిన ఇంటిని, ఆ మజ్జిగని, ఆ మనిషిని గుర్తు తెచ్చుకుని, సత్తిబాబు మాట్లాడినట్టుగా ఒక పేజీ రాసేశాను. ‘ఆయ్’లు, ‘అండి’లు తగినన్ని చల్లాను. అంకెలతో అతికినట్టు ఉండాలని చివర ఒక వాక్యం చేర్చాను: “ట్యాంకరు వచ్చినా రాకపోయినా మాకు గడిచిపోతుందండి.”

ఆ వాక్యం ఏ మనిషీ అనలేదు. నేను కల్పించాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మళ్ళీ రాజమండ్రి

రాజమండ్రి హాల్లో అందరికన్నా నాకే ఎక్కువ చప్పట్లు వచ్చాయి. వీధి వీధంతా సంతృప్తి. పైగా ఒక రైతు సొంత గొంతు. నీటి సరఫరా అధికారి కుర్చీలో ముందుకు వంగి ఆ చివరి వాక్యం రెండోసారి చదివించుకున్నాడు.

“ఇలాంటి స్పష్టత కావాలండి మాకు. ఆ ట్యాంకరు కోసం ఇంకో ఊరు మొత్తుకుంటోంది. అటు పంపేద్దాం” అని, అక్కడే ఫోన్ తీసి చెప్పేశాడు.

శారద మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. “ఆ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నారు?”

“మధ్యాహ్నం దాకా మేడమ్.”

నారాయణరావు పైకప్పు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

రామాలయం అరుగు

నాలుగు రోజుల తర్వాత, మేం రాసింది చదివి వినిపించడానికి అదే ఊరు వెళ్ళాం. రామాలయం అరుగు మీద వీధివాళ్ళు కూర్చున్నారు. నేను నిలబడి చదివాను. మీ వీధి తాగునీటి విషయంలో సంతృప్తిగా ఉందని తేలింది, అని. ఒక ముసలాయన గొంతు సవరించుకుని, “బాగా రాసేరండి” అన్నాడు.

“ఏంటండి బాగా రాసింది?”

భూలక్ష్మి లేచింది. భుజం మీద కూతురు, వాడిపోయిన వంకాయలా వేలాడుతోంది. “నీ కూతురికా నీళ్ళ విరోచనాలు, బాబాయ్? రెండు రోజుల్నించి దీని కడుపులో మెతుకు నిలవట్లేదు. ట్యాంకరెందుకు రావట్లేదని డ్రైవర్ని అడిగితే, మీ వీధోళ్ళే వద్దన్నారంట కదా అన్నాడండి! ఎవరన్నారండి?”

సత్తిబాబు ఆమె చెయ్యి పట్టి లాగాడు. “ఊరుకోవే. వచ్చినోళ్ళ మీద అరుస్తారా?”

“అరవకే కదా ఇంతదాకా వచ్చింది!” అని నా వైపు తిరిగింది. “మా ఇంట్లో కూర్చుని రెండు గ్లాసులు మజ్జిగ తాగేరు. అది ఏ నీళ్ళతో చేశామో అడిగేరా? నీళ్ళ కేను కొనుక్కొచ్చి చేశామండి. చుట్టం వస్తే మా వీధిలో ఎవరైనా కేను నీళ్ళే ఇస్తారు. మాకు ట్యాంకరు నీళ్ళు. ఇప్పుడవీ లేక కుళాయి నీళ్ళు. మీరు తాగింది చూసి మేం తాగేదాని గురించి రాసేసుకున్నారా?”

“మరి బాగానే ఉందని...” అని నసిగాను.

“ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, ఎలా ఉందండి అని అడిగితే బాగోలేదని చెప్తామా అండి? మీకు అమ్మా నాన్నా నేర్పలేదా? నేను చెప్పబోతే చివర్లో అన్నారు. ఏదండీ ఆ చివర?”

అరుగు మీద గొడవ మొదలైంది. నువ్వు చెప్పుండాల్సింది అంటే నువ్వు చెప్పుండాల్సింది అని. అంత గొడవలోనూ ఎవరో వచ్చి, “సార్‌కి కుర్చీ వేయండ్రా” అన్నారు. ఆ కుర్చీ చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సత్తిబాబు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. “ట్యాంకరు రాకపోయినా పర్లేదని నేనన్నట్టు రాశారని డ్రైవరు చెప్పాడండి. నేనెప్పుడన్నానండి? మర్చిపోయానేమో.” ఆ మనిషి నన్ను అనుమానించలేదు. తన జ్ఞాపకాన్ని అనుమానించుకున్నాడు. నా మొహం మీద ఉమ్మేసినా ఇంత బాధపడేవాణ్ణి కాను.

“మీరు అనలేదు. నేను కల్పించి రాశాను” అన్నాను, అందరికీ వినబడేలా.

చెట్టు నీడలో జీపు

జీపు దగ్గర నారాయణరావు మీద విరుచుకుపడ్డాను. “ఇక్కడివాడివి కదా నువ్వు! బాగానే ఉందండి అంటే బాగాలేదని అర్థమని నీకు తెలియదా? మొదటి ఇంట్లోనే చెప్పొచ్చు కదా?”

“తెలుసండి.”

“మరి?”

“మీరు పెద్దవారు కదండీ. అంత నమ్మకంగా నొక్కేస్తంటే ఎలా చెప్తామండి?”

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. పది ఇళ్ళు తిరిగి నేను వినలేకపోయినదాన్ని జీపులో నా పక్కనే కూర్చోబెట్టుకుని తిరిగాను. అతన్ని తిట్టడం ఆపేశాను. నా హోదా చూసి అతను నోరు మూసుకున్నాడంటే, ఆ వీధిలో ఎంతమంది నోళ్ళు మూసుకున్నారో!

ఆ పూట మేం వెనక్కి రాలేదు. మళ్ళీ ఇంటింటికీ వెళ్ళాం. ఈసారి గుమ్మం బయటే నిలబడ్డాం. సంతృప్తి మాట ఎత్తలేదు. నిన్న మీ ఇంట్లో ఎవరు ఏ నీళ్ళు తాగారు? ఎక్కడి నుంచి తెచ్చారు? చుట్టాలకి ఏవి ఇస్తారు? మర్యాద అడ్డురాని ప్రశ్నలు ఇవి. నిన్నటి సంగతి చెబితే ఎవర్నీ తప్పుపట్టినట్టు కాదు. జవాబులు ధారగా వచ్చాయి. ఒక ఇంట్లో కేను పెద్దవాళ్ళకి మాత్రమే, పిల్లలకి కుళాయి. ఒక ఇంట్లో కోడలు పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తుంది. ఇరవై రూపాయల కేను రోజూ కొనడం కూలికెళ్ళే ఇంటికి కుదిరే పని కాదు.

అధికారి గది

మర్నాడు పొద్దున్నే అధికారి ముందు నిలబడ్డాను.

“మొన్న సంతృప్తి, ఇవాళ అసంతృప్తి. మీ లెక్కలు వారానికోసారి మారతాయాండి?” అన్నాడాయన.

“మొన్న ప్రశ్న తప్పు. రైతు మాటలని చదివిన పేజీ నేను సొంతంగా రాసింది. నేను ఆ ఇంట్లో కూర్చోలేదు.”

ఆయన మొహంలో భయం కనబడింది. పిల్ల విరోచనాల గురించి చెప్పినప్పుడు రాని భయం. “ఫైల్లో ఎక్కిపోయిందండి అది! నేనిప్పుడు పైవాళ్ళకి ఏం చెప్పను?”

“నేను చేసిన తప్పని చెప్పండి.”

“రాసిస్తారా?”

“ఇప్పుడే.”

కాగితం ముందుకు జరిగాక గానీ ఆయన చెయ్యి ఫోను మీదకు వెళ్ళలేదు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఏం మొహం పెట్టుకుని మండాలి? ఆయన చేతికి ఆ అబద్ధం ఇచ్చింది నేనే. ట్యాంకరు ఆ సాయంత్రం నుంచే మళ్ళీ పంపుతామన్నాడు. అయితే ఇంకో బృందం వచ్చి నిర్ధారించేవరకే. ఇంకో ఊరి సంగతేంటని అడిగితే, “అది మీకెందుకండి” అన్నాడు. ఆ ఊరు ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

శారద మేడమ్ నాకు సర్టిఫికెట్ ఇవ్వనన్నారు. “ప్రశ్న తప్పయితే దిద్దుకోవచ్చు సార్. మనిషే లేకుండా మనిషి మాట రాశారు. దాన్ని దిద్దే పాఠం నా దగ్గర లేదు.” నేను బతిమాలలేదు. దణ్ణం పెట్టి రైలెక్కాను.

అనంతపురం

ఇంటికొచ్చాక చాలామంది అడిగారు, గోదావరి ఎలా ఉంది అని. బాగుంది అని చెప్పబోయి నాలుక కరుచుకుంటున్నాను.

రెండో బృందం ఆ వీధికి వెళ్ళిందట. ఈసారి ఎవరూ బాగానే ఉందని చెప్పలేదని నారాయణరావు ఫోన్ చేసి చెప్పాడు. రెండు సర్వేల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందో వివరణ ఇమ్మని మా ఆఫీసుకి మెమో వచ్చింది. ‘తేడా వీధిలో లేదు, మొదట అడిగిన నాలో ఉంది, ట్యాంకరు ఆపవద్దు’ అని రాసి సంతకం పెట్టాను. ఇంక్రిమెంటు ఆగవచ్చంటున్నారు. ఆగనీ.

మొన్న భూలక్ష్మి గారు ఫోన్ చేశారు. నారాయణరావు దగ్గర నంబరు తీసుకున్నారట. పాపకి ఎలా ఉందని అడిగితే తగ్గిందన్నారు. ట్యాంకరు వస్తోందా అని అడిగాను.

“వస్తందండి. వచ్చి ఏం లాభం? మేం చేలోకి పోయాక వస్తందండి! పైపు చిల్లడిపోయి సగం నీళ్ళు రోడ్డు మీదే. డ్రైవర్ని అడిగితే గోడకి చెప్పినట్టే. పైగా తొట్టి కడిగి ఎన్నాళ్ళయిందో, అడుగున నాచు. మీరు చదువుకున్నోళ్ళు కదా, తొట్టి కడగమని కూడా మేమే చెప్పాలాండి?”

వెనక నుంచి సత్తిబాబు గొంతు వినిపించింది. “ఊరుకోవే, ఆయనేం అనుకుంటారు!”

“అనుకోనీ” అని, ఆవిడ మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.